వేలిముద్ర పడేవరకు

గోల్‌మురి,
టాటానగర్,
4-2-1982

తమ్ముడు సూర్యానికి అప్ప సింహాచలం ఆశీర్వదించి రాసేది.

మేమిక్కడ బాగున్నాం. నువ్వూ నూకాలూ, మగపిల్లలిద్దరూ బాగున్నారని తలుస్తాను. మినుములు ఎలా ఉన్నాయో పోయిన ఉత్తరంలో రాయలేదు. ఇక్కడ చలి ఇంకా పోలేదు. పొద్దున్న పూట కార్ఖానా పొగ పైకి లేవకుండా క్వార్టర్ల మధ్యనే నిలిచిపోతోంది. పద్మకి ఈసారి కూడా ఆయాసం వచ్చింది. పదకొండు రోజులు కంపెనీ ఆసుపత్రిలో ఉంచారు. ఇప్పుడు తగ్గి బడికి వెళ్తోంది. అప్పుడే రాస్తే నూకాలు బెంగపెట్టుకుంటుందని రాయలేదు.

అసలు సంగతి రాద్దామని మూడు రోజులుగా కూర్చుని లేస్తున్నాను. కంపెనీలో నోటీసు పెట్టారు. మీ బావ తన మీద ఆధారపడ్డవాళ్ల జాబితాలో పద్మని కూతురని రాయించారు కదా. ఇప్పుడు అందరూ రుజువు చూపించాలట. కన్నబిడ్డకైతే పుట్టిన సర్టిఫికెట్టు. పెంచుకున్న బిడ్డకైతే స్టాంపు కాయితం మీద రాసి రిజిస్టరు చేయించిన దత్తత పత్రం. జూన్ నెలాఖరు గడువు. అది దాటితే పేరు కొట్టేస్తారు, ఆసుపత్రి కార్డు పోతుంది. మేనకోడలు కూతురెలా అవుతుందని గుమస్తా నలుగురిలో అడిగాడట. మీ బావ ఆ రోజు అన్నం సగంలో వదిలి లేచిపోయారు.

నువ్వు ఒకసారి గుర్తు తెచ్చుకో. నూకాలు టైఫాయిడుతో మంచం మీద ఉన్నప్పుడు ఎనిమిది నెలల పిల్లని నేను తెచ్చుకున్నాను. ఆమె లేచి తిరిగాక మీరు తెమ్మనలేదు, నేను తేలేదు. ఇచ్చామని మీరు అనలేదు, తీసుకున్నామని మేము అనలేదు. ఆరేళ్లు అలా జరిగిపోయాయి. ఇప్పుడు కంపెనీ అడుగుతోంది కాబట్టి అడుగుతున్నాను. నా అంతట నేనైతే అడిగేదాన్ని కాదు.

ఇలాంటి పత్రానికి ప్రభుత్వానికి పన్ను కట్టాలట. సాక్చీలో కోర్టు దగ్గర అర్జీలు రాసే ముసలాయన, స్టాంపు కాయితం కొంటే ఆ పన్ను కట్టినట్టేనని చెప్పాడు. మీ బావ తన పేరున కొన్నారు. దాని మీద రాయించి పంపుతాం. నువ్వు సంతకం, నూకాలు వేలిముద్ర వేయాలి. ఇష్టమైతేనే. ఇష్టం లేకపోతే అదీ రాయి. ఏమీ రాయకుండా మాత్రం ఉండకు.

ఉత్తరానికి కాచుకుని ఉండే
సింహాచలం


గెడ్డవలస,
17-2-1982

అప్పకీ బావకీ సూర్యం నమస్కారాలు.

ఉత్తరం అందింది. మినుములకి పల్లాకు తెగులు తగిలింది, సగం పీకేశాం. గేదె ఈనింది, పెయ్య. పద్మ సంగతి ముందే రాసి ఉండాల్సింది. బెంగపెట్టుకునే వాళ్లం తర్వాతైనా పెట్టుకుంటాం.

నీ ఉత్తరం నూకాలుకి రెండుసార్లు చదివి వినిపించాను. బియ్యం చెరుగుతూ వింది. చేట కింద పెట్టి ఒక్క మాట అడిగింది. "ఆ కాయితంలో నాను ఇచ్చినట్టుంటాదా, ఆలు తీసుకున్నట్టుంటాదా?" రెండూ ఉంటాయన్నాను. "ఆరేల్లకి ఇపుడేటి కాయితం? పిల్ల ఆలకి బరువైనాదేటి?" అంది. ఆయాసం వచ్చిందని చదివాను కదా, అదే మనసులో పెట్టుకుంది. అలాంటిదేమీ లేదని చెప్పాను. మళ్లీ చేట తీసుకుంది.

నాకు అభ్యంతరం లేదు. కాని స్టాంపు కాయితం అంటే నాకు భయం. మన నాన్న ఎవరి అమ్మకానికో సాక్షిగా వేలు వేసి ఏడేళ్లు బొబ్బిలి కోర్టుకి నడిచాడు. అమ్మినవాడూ కొన్నవాడూ రాజీపడ్డాక కూడా నాన్నకి సమన్లు వచ్చేవి. అందుకని కరణం సీతారామరావుగారికి చూపించకుండా దేని మీదా సంతకం పెట్టను. ఏమీ అనుకోవద్దు.

పంపించు.

తమ్ముడు
సూర్యం


గోల్‌మురి,
1-3-1982

తమ్ముడికి ఆశీస్సులు. మీ బావ డ్యూటీకి వెళ్తూ ఈ కార్డు పోస్టు చేస్తారు, అందుకని తొందరలో రాస్తున్నాను. మా క్వార్టర్ల వరసలో ఉండే జగ్గారావు ఊరికి వస్తున్నాడు అతనితో పద్మ కాయితాలు పంపుతున్నాం టికట్లు ఇక్కడే తీసేం రెండు దొరికేయి నువ్వు తియ్యొద్దు. పదో తారీఖు మెయిలుకి విజయనగరంలో దిగుతాడు. అతని ఊరు గరివిడి వైపు, మీ ఊరు రాడు. నువ్వే స్టేషనుకి వెళ్లాలి నూకాలు కూడా ఉండాలి. జాగ్రత్తగా అందుకోండి. నా మనసు మనసులో లేదు.

సింహాచలం


గెడ్డవలస,
16-3-1982

అప్పకి సూర్యం రాసేది.

నువ్వు రాసిన కార్డు మేము ఎలా చదువుకున్నామో ముందు చెప్పాలి. పద్మనీ కాయితాల్నీ జగ్గారావుతో పంపుతున్నావనీ, అతనికీ పిల్లకీ రైలు టిక్కెట్లు దొరికాయనీ చదువుకున్నాం. ఆయాసం పిల్లని పెట్టుకోలేక, కంపెనీవాళ్లు కూడా కాదన్నాక, తిప్పి పంపేస్తున్నారని అనుకున్నాం. నేను ఒక్కడినే అనుకుంటే తప్పు నాది. కరణంగారు కూడా కార్డు చూసి అలాగే చెప్పారు.

ఆ వారం రోజులూ నూకాలు ఏం చేసిందో రాస్తాను. గోడలకి సున్నం వేసింది. మంచానికి కొత్త నులక అల్లించింది. గౌను కుట్టించింది. ఏడేళ్ల పిల్ల ఎంత ఉంటుందో తెలియక పక్కింటి పిల్లని నిలబెట్టి కొలత తీయించింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు కదా. ఆ వారం పాటు మాట్లాడింది. మగపిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెల్లిని కొట్టకూడదని చెప్పింది.

పదో తారీఖు మొదటి బస్సుకి వెళ్లాం. మెయిలు నాలుగు గంటలు లేటు. జగ్గారావు ఒక్కడే దిగాడు. నూకాలు అతని వెనక రైలుపెట్టె తలుపు వైపే చూస్తూ ఉంది. బండి కదిలింది. "పిల్లేదీ?" అని అడిగింది. "ఏ పిల్ల? మీ అప్ప నా సేతికి కవరిచ్చింది గాని పిల్లనియ్యలేదు" అని జగ్గారావు నవ్వాడు. అతని తప్పు లేదు, అతనికేం తెలుసు.

కవరులో స్టాంపు కాయితం, మడతలో రెండు రెవిన్యూ స్టాంపులు ఉన్నాయి. జగ్గారావు మూడు రోజుల్లో తిరిగి వెళ్తాననడంతో స్టేషను బల్ల మీదే నేను సంతకం పెట్టాను. తొందరపడ్డాను. నూకాలు ఇంటికెళ్లి వేస్తానంది. గౌను ఉన్న సంచీ బస్సులో ఒళ్లోనే పెట్టుకుంది.

మర్నాడు కరణంగారికి చూపించాను. ఆ కాయితం చెల్లదు. నేను పంపను. జగ్గారావు మనిషిని పంపి అడిగించినా ఇవ్వలేదు. కరణంగారు చెప్పినదంతా రాయడానికి ఇందులో చోటు చాలదు.

సూర్యం


గోల్‌మురి,
27-3-1982

తమ్ముడూ,

ఇక్కడ రసీదు మీద అంటించే రెవిన్యూ స్టాంపుని టికట్ అంటారు. హిందీవాళ్ల మాట. ఇరవై రెండేళ్లుగా వినీ వినీ నా నోటికి కూడా అదే వస్తుంది. మన తెలుగువాళ్లం కూడా ఇక్కడ అలాగే అంటాం. సంతకాలు ఆ టికట్ల మీద పడాలని అర్జీల ముసలాయన చెప్తే రెండు తీసి పెట్టాం. అక్కడ నీకు అది రైలు టిక్కెట్టని నాకు తోచలేదు. నూకాలు చేత సున్నం వేయించింది నేనే. ఆ గౌను కుట్టించింది నేనే. ఇది నేను ఎన్నాళ్లు బతికినా నా మీద ఉంటుంది.

కాని నీ ఉత్తరం చివర ఉన్న మూడు ముక్కలు నేను ఎన్నిసార్లు చదివానో నీకు తెలియదు. చెల్లదు, పంపను, ఇవ్వలేదు. ఏది చెల్లదు? కాయితమా, ఈ ఆరేళ్లా? నూకాలు స్టేషనులో నిలబడి చూసిన చూపుకి నీ మనసు మారిపోయిందా? మారితే నేను తప్పు పట్టలేను. తప్పు పట్టలేకపోవడం వల్లే ఎక్కువ భయంగా ఉంది.

నీ ఉత్తరం మీ బావకి చూపించలేదు. బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను. ఇంకా జవాబు రాలేదని చెప్పాను. ఆయన రోజూ గుమస్తా మొహం చూడాలి. మొన్న కుళాయి దగ్గర పైడితల్లి, ఆమె మనవైపు మనిషే, అందరూ వినేట్టు అడిగింది. "రేపు మీ తమ్ముడొచ్చి సెయ్యట్టుకు తీసుకుపోతే ఏటి సేత్తావు సింహాచలం? నీ కాడ ఏటుంది?" నా బిందె నిండకుండానే తీసుకుని వచ్చేశాను. అప్పటి నుంచి ఎవరు తలుపు తట్టినా నువ్వే వచ్చావనుకుంటున్నాను. రెండు రోజులు పద్మని బడికి పంపలేదు. జ్వరమని టీచరుకి అబద్ధం చెప్పాను.

నువ్వొస్తే నేను తలుపు తీస్తాను. తీయనని అనుకోకు. కాని ముందు రాయి.

సింహాచలం


గెడ్డవలస,
10-4-1982

అప్పా,

నేను అలా రాసి ఉండకూడదు. చోటు లేదని మూడు ముక్కలు రాసి ఊరుకున్నాను. చెల్లనిది కాయితం ఒక్కటే. వివరంగా రాస్తాను, బావకి కూడా చదివి వినిపించు.

ఆ కాయితం బీహారుది. పన్ను బీహారు ప్రభుత్వానికి వెళ్లింది. నేను సంతకం పెట్టింది ఆంధ్రలో. మొదటి సంతకం ఎక్కడ పడితే పన్ను ఆ రాష్ట్రానికి కట్టాలట. ఇది కరణంగారు చెప్పిన దగ్గర నుంచి నాకు నిద్ర పట్టలేదు. దొంగ కాయితం కింద లెక్కేసి పట్టుకుంటారేమో అనుకున్నాను. ఇలాంటి కాయితం ఆఫీసులో పెడితే వాళ్లు తిరిగి ఇవ్వరనీ, పది రెట్లు జరిమానా పడొచ్చనీ కూడా ఆయన అన్నారు. దాన్ని ధాన్యం గాదెలో అడుక్కి దోపేశాను. వీధిలో సైకిలు గంట వినిపిస్తే గాదె వైపు చూసేవాణ్ణి. పన్నెండు రోజులు అలా ఉన్నాక, జైలయినా అడిగి తెలుసుకుందామని రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాను.

అక్కడి గుమస్తా మంచివాడు. కూర్చోమన్నాడు. నూకాలు వేలిముద్ర పడలేదు కాబట్టి అది పూర్తయిన పత్రమే కాదనీ, జైలు మాట ఏమీ లేదనీ చెప్పాడు. పన్ను కట్టడానికి దారులు చెప్పాడు. స్టాంపు వెండరు దగ్గర ఈ రాష్ట్రపు కాయితం కొత్తగా కొని రాయించుకోవడం ఒకటి. సరిపడే కాయితం వెండరు దగ్గర లేకపోతే ఖజానాలో చలానా కట్టి, ఆ రసీదు తెస్తే, పన్ను ముట్టిందని కాయితం మీద రాసి ముద్ర వేస్తారట. ఆ పాత కాయితమే కావాలంటే కలెక్టరు దగ్గరికి పట్టుకెళ్లి తప్పు ఒప్పుకుని తక్కువైన పన్ను కడితే, ఆయన దయ. నువ్వు పంపిన చిన్న స్టాంపులు డబ్బు ముట్టిన రసీదులకే గాని ఇలాంటి పత్రాలకి పనికిరావు. నేను వాటిని నీ కార్డుతో పాటు దాచాను.

మొదటి దారే మంచిదనుకున్నాం. ఒక వారంలో కాయితం తెప్పిస్తానని వెండరు చెప్పాడు.

అయితే ఏ దారిలో పన్ను కట్టినా మనిషి రావాలి. ఇచ్చేవాడిగా నేను, తీసుకునేవాడిగా బావ ఆఫీసుకి వెళ్లాలి. కన్నతల్లికి ఇష్టమేనా అని నూకాలుని రిజిస్ట్రారే అడుగుతారు. అందరం మీ ఊరే వచ్చేస్తే బీహారు స్టాంపు కాయితం మీదే కొత్తగా రాసుకోవచ్చు కదా అని నూకాలుతో అన్నాను. ఒప్పుకోలేదు. "ఇచ్చీది నా ఇంటికాడే. ఆల గుమ్మంలోకెల్లి ఇచ్చి రానేను" అంది. ఇంకో మాట కూడా అంది. పిల్లని చూడకుండా వేలెయ్యదట.

దాచకుండా రాశాను. నీ ఇష్టం.

సూర్యం


గోల్‌మురి,
24-4-1982

తమ్ముడికి ఆశీస్సులు.

అంతా మీ బావకి చెప్పేశాను. మర్నాడే సెలవుకి అర్జీ పెట్టారు. మే పదో తారీఖు నుంచి ఆయనకి వారం సెలవు దొరికింది. పద్మకి కూడా బడి ఉండదు. ఇద్దరూ వస్తారు.

నేను రాను. రిజిస్ట్రారు గుమస్తా నీకు చెప్పి ఉంటాడు, కాయితంలో ఇచ్చేది నువ్వు, తీసుకునేది మీ బావ. నూకాలూ నేనూ ఒప్పుకున్నామని చెప్పేవాళ్లమే. నా ఒప్పుదల సంతకం పెట్టి మీ బావ చేతికి ఇస్తున్నాను. నేను వస్తే పిల్ల నా కొంగు వదలదు. అది నూకాలు కళ్ల ముందు జరగకూడదు. ఇంకో కారణం కూడా ఉంది. పద్మ నూకాలు దగ్గరికి తనంతట తాను వెళ్తే అది నేను చూడలేను. రెండూ రాస్తున్నాను.

పిల్లకి పెరుగు పొద్దున్నే పెట్టు, సాయంత్రం వద్దు. గాదె దగ్గర, ధాన్యం చెరిగే చోట కూర్చోనివ్వకండి, దుమ్ము పడదు. ఆయాసం మొదలైతే పడుకోబెట్టకూడదు. వీపుకి తలగడ పెట్టి కూర్చోబెట్టాలి. సీసాలో మందు చెంచాడు. సీసా మీద డాక్టరు చేత గీత పెట్టించాను. మందు ఆ గీత కిందికి దిగితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మీకు దగ్గర్లో రాజాంలో ఆసుపత్రి ఉంది కదా, అక్కడ ఆక్సిజన్ ఉందో లేదో ముందే కనుక్కుని ఉంచు.

పిల్లకి ఏమీ చెప్పలేదు. మామయ్య ఊరు చూడ్డానికి అని చెప్పాను. నూకాలుని అత్త అని పిలుస్తుంది. వరస అదే తెలుసు. నూకాలుకి ముందే చెప్పి ఉంచు.

సింహాచలం


గోల్‌మురి,
21-5-1982

సూర్యానికి,

మీ బావ పదిహేడున ఒక్కరే వచ్చారు. గుమ్మంలో ఆయన వెనక చూశాను. తర్వాత వీధి చివరిదాకా వెళ్లి చూశాను. ఎందుకు వెళ్లానో తెలియదు.

ఆయన నోటి నుంచి మాట రాబట్టడానికి రెండు రోజులు పట్టింది. కొత్త కాయితం మీద నువ్వూ ఆయనా సంతకాలు చేసి రిజిస్ట్రారు ముందు ఒప్పుకున్నారట. ఆ రోజు నూకాలు రాలేదట. తల్లి నాలుగు నెలల్లోపు ఎప్పుడు వచ్చినా పరవాలేదని ఆఫీసులో అన్నారట. మీ బావ పిల్లని తీసుకుని బయలుదేరబోతే నూకాలు గుమ్మంలో నిలబడి, "నాను వేలేసేవరకు నా పిల్లే కదా బావా. అందాక ఉండనీ" అందట. ఆయన పిల్ల సంచీ తిరిగి లోపల పెట్టారట. సెలవు అయిపోయింది.

నాలుగు నెలలు. సెప్టెంబరు దాకా. నువ్వేం చేస్తున్నావు? నువ్వు ఆ ఇంట్లోనే ఉన్నావు కదా. గేదె పెయ్యని ఈనిందని రాస్తావు, ఈ మాట రాయవేం? పోలీసులకి చెప్పు అంది పైడితల్లి. ఏమని చెప్పను? కన్నతల్లి దగ్గర పిల్ల ఉందని చెప్పనా? రిజిస్ట్రారుకి రాయనా? తల్లి ఇంకా ఆలోచిస్తోందని రాయనా?

సీసా రెండు వారాలకే వస్తుంది. ఆయన వచ్చేసిన రోజు నుంచి లెక్కపెడుతున్నాను. మీ వైపు మొదటి వానలు పడేసరికి దానికి ఆయాసం వస్తుంది. ప్రతి ఏడూ వాన తగిలిన మొదటి వారమే వస్తుంది. అక్కడ నేను లేను. ఇక్కడ ఆసుపత్రి ఉంది, కార్డు ఉంది, పిల్ల లేదు. కార్డు కూడా జూన్ నెలాఖరు దాకానే.

నూకాలు మీద నాకు కోపం లేదని మొదట రాశాను. ఆ కాయితం చింపేసి ఇది రాస్తున్నాను. కోపం ఉంది. ఆమెకి చదివి వినిపించు. కాదు, వినిపించకు.

పిల్ల ఎలా ఉందో ఒక్క ముక్క రాయి. కార్డు మీదైనా సరే.

సింహాచలం


గెడ్డవలస,
5-6-1982

అప్పకి సూర్యం నమస్కరించి రాసేది.

ముందు నువ్వు అడిగింది. పిల్ల ఇప్పుడు బాగుంది. నూకాలు మొన్న మూడో తారీఖున వేలిముద్ర వేసింది. పత్రం నకలు కావడానికి రెండు రోజులు పట్టింది, ఇప్పుడు నా దగ్గర ఉంది. పదకొండో తారీఖు బండికి పద్మని నేనే తీసుకువస్తున్నాను. జూన్ నెలాఖరు దాటదు.

నీ ఉత్తరం వచ్చాక నేను నూకాలుని తొందరపెట్టలేదు. కొట్టి తీసుకెళ్లి వేలు వేయించొచ్చు. కొంతమంది అలా చేయమనే చెప్పారు. నేను ఆ పని చేయను. ఆ సంగతి నీకు రాస్తే నీ కోపం నా మీదికి వస్తుందని రాయలేదు. అది కూడా నా తప్పే.

పిల్ల ఎలా ఉండేదో చెప్తాను. మా మాటలన్నీ అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం హిందీలోనే చెప్తుంది. ఇంట్లో నాకొక్కడికే అర్థమయ్యేది. పెళ్లికి ముందు రెండేళ్లు టాటానగర్ స్టేషనులో సామాన్లు మోశాను కదా, ఆ నాలుగు ముక్కలు ఇంకా పోలేదు. నూకాలు పిల్ల అడిగింది ఏమిటని నన్ను అడిగి, అది చేసి పెట్టేది. నీళ్లు అడిగిందంటే నీళ్లు, బయటికంటే బయటికి. కుట్టించిన గౌను పొట్టి అయింది. కింద గుడ్డ అతికింది. జడ వేసేది. పిల్ల వేయించుకునేది. వద్దనేది కాదు, దగ్గరికి వచ్చేదీ కాదు.

ఒకటో తారీఖు మధ్యాహ్నం గాలివాన వచ్చింది. నువ్వు రాసినట్టే జరిగింది. గంటలో పిల్లకి డొక్కలు ఎగరేయడం మొదలైంది. పెదవులు రంగు మారాయి. గెడ్డ పొంగి రాజాం బస్సు రాలేదు. మందు పడుతూనే ఉన్నాం. సీసాలో గీత దాటింది. నూకాలు పిల్లని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని సాయంత్రం దాకా కదల్లేదు. పిల్ల రొమ్ము ఎగిరినప్పుడల్లా ఈమె కూడా ఊపిరి బిగబట్టేది. నేను బండి కోసం మూడు ఊళ్లు తిరిగి వచ్చేసరికి వాన వెలిసింది, పిల్లకి కాస్త ఊపిరి ఆడుతోంది. నూకాలు నన్ను అడిగింది, అక్కడైతే ఇలా వచ్చినప్పుడు ఏం చేస్తారని. కార్డు చూపిస్తే వెంటనే మంచం ఇస్తారని చెప్పాను. ఎంత దూరమంది. సైకిలు మీద పది నిమిషాలన్నాను.

మర్నాడంతా పిల్ల పక్కనే ఉంది. ఆ తర్వాత రోజు పొద్దున్న, "ఇయ్యాల ఆపీసు తీత్తారా?" అని అడిగింది.

ఇకపైన రాసేది నీకొక్కదానికే. బావకి కూడా చదవొద్దు. చదివి చింపేయి.

ఆఫీసులో రిజిస్ట్రారు పత్రం మొత్తం పైకి చదివారు. బలవంతం ఏమైనా ఉందా అని అడిగారు. నూకాలు లేదంది. గుమస్తా ఆమె బొటనవేలికి సిరా రాశాడు. ఆమె వేలు పైకి పెట్టుకుని నిలబడింది. అప్పుడు రిజిస్ట్రారు, అడగాల్సిన పని లేదు, ముద్దుకి అడిగినట్టు పద్మని పిలిచి, "మీ అమ్మేదమ్మా?" అన్నారు.

పిల్ల వెంటనే చెప్పింది. "వో తో ఘర్ పే హై. మేరా రాస్తా దేఖ్ రహీ హై."

ఇంటి దగ్గర ఉంది, నా కోసం ఎదురు చూస్తోంది అని. రిజిస్ట్రారు తల దించుకుని కాయితం సర్దారు. ఆయనకి అర్థమైందో లేదో తెలియదు. నూకాలు నా వైపు తిరిగింది.

"ఏటంతంది?"

"ఆకలేత్తందట" అన్నాను.

ఆమె నా మొహం కాసేపు చూసింది. తర్వాత వంగి, గుమస్తా చూపించిన చోట వేలు పెట్టి నొక్కింది. వేలు తలకి రాసుకుని తుడుచుకుని, పిల్లని రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్లింది. మెట్ల మీద కూర్చోబెట్టి, బస్సులో ఉంటుందని తెచ్చిన అటుకులూ బెల్లం మూట విప్పింది. అరగంట ముందే బస్టాండు దగ్గర పిల్ల నాలుగు ఇడ్లీలు తింది. నాకు తెలుసు, పిల్లకి తెలుసు. నూకాలు కూడా అక్కడే ఉంది. పద్మ ఆమె మొహం చూసింది, మూట చూసింది. ఆమె కలిపి పెడుతుంటే ఒక్కొక్క పిడికెడూ నోరు తెరిచి, చివరిదాకా తింది.

తమ్ముడు
సూర్యం